ఊరి ప్రణాళికలో వికలాంగుల చోటు

మార్కు సువార్త రెండవ అధ్యాయంలోని పక్షవాత రోగి కథ మనందరికీ తెలిసినదే. కఫర్నాములో ప్రభువు ఒక ఇంట బోధిస్తున్నారు. నలుగురు మనుషులు ఒక రోగిని పడకతో సహా మోసుకొని వచ్చారు. లోపలికి పోవడానికి దారి లేదు. ఇంటిపైకెక్కి, కప్పు విప్పి, రోగిని ప్రభువు ముందుకు దించారు. ప్రసంగాలలో ఆ నలుగురి విశ్వాసాన్ని గూర్చి వింటుంటాము, వినవలసిందే. కాని ఆ రోజు వాకిట నిలబడి ఉన్న జనాన్ని గూర్చి ఎప్పుడైనా ఆలోచించామా? వారు దుర్మార్గులు కారు. దేవుని వాక్యం వినడానికి వచ్చినవారే. రోగిని అడ్డుకోవాలని ఎవరూ అనుకొని ఉండరు. ఎవరి చోట వారు నిలబడ్డారు, అంతే. దారి మాత్రం మూసుకుపోయింది.

మన ఊళ్ళలో వికలాంగుల పరిస్థితి సరిగ్గా ఇదే. పంచాయతీ కార్యాలయం కట్టినవారికి గాని, బడి కట్టినవారికి గాని, మన గుడి కట్టించిన పెద్దలకు గాని వికలాంగులంటే ద్వేషం లేదు. కట్టేటప్పుడు వారు గుర్తుకు రాలేదు. గ్రామ పంచాయతీ తన ప్రణాళికలో వికలాంగులకు ఎలా చోటు ఇవ్వవలసి ఉందో, అందుకు విచారణలోని కుటుంబాలు ఏమి చేయగలవో ఈ వారం పాఠంలో తెలుసుకుందాం. ఒంగోలుకు తూర్పున సముద్రపుటొడ్డున ఉన్న కొత్తపట్నాన్ని మనసులో పెట్టుకొని చదవండి. అక్కడికి సరిపోయే మాటలు ఈ తీరంలోని చాలా ఊళ్ళకు సరిపోతాయి.

పేరు మారింది, మెట్లు మారలేదు

ఒకప్పుడు కుంటి, గుడ్డి, చెవిటి అని అవయవాన్ని బట్టి పిలిచారు. తరువాత వికలాంగులన్నారు. ఇప్పుడు మన రాష్ట్ర ప్రభుత్వ శాఖ పేరులో విభిన్న ప్రతిభావంతులని ఉంది. కేంద్ర ప్రభుత్వం దివ్యాంగులంటోంది. గౌరవంగా పిలవడం మంచిదే. జనం నోట నలిగిన మాట గనుక ఈ పాఠంలో వికలాంగులనే వాడుతున్నాను. పేరు ఎన్నిసార్లు మారినా కార్యాలయాల ముందు మెట్లు మాత్రం అలాగే ఉన్నాయి.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షల మంది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 22 లక్షల 66 వేల మంది. దేశం మొత్తం మీద నూటికి ఇద్దరికి కొంచెం పైన. ఆ లెక్కన అయిదు వేల జనాభా గల ఊళ్ళో నూట పదిమంది ఉండాలి. నిజానికి ఇంకా ఎక్కువే ఉంటారు. ఆ లెక్కలలో ఎనిమిది రకాల వైకల్యాలనే అడిగారు. 2016 నాటి చట్టం 21 రకాలను గుర్తిస్తోంది. వీరంతా పుట్టుకతో ఇలా ఉన్నవారు కూడా కారు. తాడిచెట్టు మీద నుండి పడి నడుము విరిగిన గీత కార్మికుడు, చక్కెర వ్యాధితో కాలు తీసివేసిన పెద్దాయన, కాన్పు కష్టమై మెదడుకు దెబ్బ తగిలిన బిడ్డ, పక్షవాతంతో మంచాన పడ్డ అమ్మమ్మ, అందరూ ఈ లెక్కలోకి వస్తారు. కనిగిరి ప్రాంతంలో ఫ్లోరైడు నీరు తాగి ఎముకలు వంగిపోయినవారున్నారు. ఈ రోజు మెట్లెక్కి పోతున్న మనలో చాలామందిమి ముసలితనంలో ఆ మెట్ల కిందనే నిలబడతాము.

మన రాష్ట్రంలో వికలాంగుల సంక్షేమమంటే పింఛను అనే అభిప్రాయం బలపడిపోయింది. పింఛను చిన్న విషయమేమీ కాదు. 2014 అక్టోబరులో అది 1,000 రూపాయలు, వైకల్యం 80 శాతం దాటితే 1,500. 2019లో 3,000 అయింది. 2024 జూలై నుండి 6,000, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000 ఇస్తున్నారు. ఆ డబ్బుతో ఇంట్లో మందులు వస్తున్నాయి, మనిషికి విలువ కూడా పెరిగింది. అయితే ఆరువేల రూపాయలు చేతిలో ఉన్నా మూడు మెట్లు ఎక్కలేని మనిషి మూడు మెట్లు ఎక్కలేడు. పింఛను ఇంటికి వస్తుంది. బడి, ఆసుపత్రి, గ్రామసభ, గుడి ఇంటికి రావు. వాటి దగ్గరకు పోయే దారి వేయవలసింది ఊరు. ఆ పని ఎవరి దయమీదా ఆధారపడకూడదని చట్టం చెబుతోంది.

తుఫాను రాత్రి

ఈ తీరానికి తుఫానులు కొత్త కాదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో వేలమందిని పొట్టన పెట్టుకుంది. 1990 మే నెలలో మరొక పెద్ద తుఫాను మన కోస్తాను కొట్టింది. 2010 మేలో లైలా, 2023 డిసెంబరులో మిచౌంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటాయి. 2004 డిసెంబరు 26 సునామీ నాడు హెచ్చరిక కూడా లేదు. ఇప్పుడు హెచ్చరికలు ముందుగా వస్తున్నాయి. 2011 నుండి జాతీయ పథకం కింద ఆంధ్ర, ఒడిశా తీరాలలో తుఫాను రక్షిత కేంద్రాలు కట్టారు. అవి ఎంతోమంది ప్రాణాలు కాపాడే కట్టడాలు.

హెచ్చరిక వచ్చిన సాయంత్రం ఒక వీధిని ఊహించుకోండి. మైకులో చెప్పుకుంటూ పోతున్నారు. చెవిటి మనిషికి అది వినబడదు. ఆమె ఒంటరిగా ఉంటే ఇరుగుపొరుగు వచ్చి చెప్పిందాకా తెలియదు. ట్రాక్టరు వచ్చింది. నడవగలవారు ఎక్కారు. నడుము కింద చచ్చుపడిన కొడుకును ఎత్తి ఎక్కించడానికి తల్లి ఒక్కతే ఉంది. తరువాత వస్తామంటుంది. ట్రాక్టరు పోతుంది. ఆ తల్లి బిడ్డను వదలి రాదు. ఇంకొక ఇంట్లో బుద్ధిమాంద్యం గల పిల్లవాడున్నాడు. జనం, చీకటి, హోరుగాలి చూసి బెదిరిపోయి మంచం కింద దూరుతాడు. వాణ్ణి రోజూ చూసే మనిషి పిలిస్తేనే బయటికి వస్తాడు. ఎలాగో రక్షిత కేంద్రానికి చేరిన వికలాంగ స్త్రీ అక్కడి మరుగుదొడ్డిలోకి పోలేక రెండు రోజులు మంచినీళ్ళు తాగడం మానేస్తుంది. ఈ మాట తోటి ఆడవారితో తప్ప ఎవరితోనూ చెప్పదు.

యోహాను సువార్త అయిదవ అధ్యాయంలో కోనేటి దగ్గర ముప్పది ఎనిమిది ఏళ్ళుగా పడి ఉన్న రోగి ప్రభువుతో చెప్పుకున్న బాధ ఇదే. కోనేరు ఉంది, మంటపాలు ఉన్నాయి, నీళ్ళు కదిలే వేళ ఉంది. తనను నీటిలోకి దించే మనిషే లేడు. తాను దిగేలోగా మరొకరు దిగిపోతున్నారు. 

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 8వ సెక్షన్ ఈ విషయానికే ఉంది. జిల్లా విపత్తుల నిర్వహణ సంస్థ జిల్లాలోని వికలాంగుల వివరాలను నమోదు చేసి ఉంచాలి. ప్రమాదం రాబోతున్నప్పుడు వారికి తెలిసేలా తగిన ఏర్పాట్లు చేయాలి. అయితే జిల్లా కేంద్రంలోని జాబితా కొత్తపట్నం పల్లెపాలెంలో ఏ గుడిసెలో ఎవరు మంచం మీద ఉన్నారో తనంతట తాను తెలుసుకోలేదు. ఊరు చెప్పాలి. ఎవరు, ఏ వీధి, ఏమి వైకల్యం, ఎవరు మోస్తారు, ఏ వాహనం, ఏ మందు తప్పకుండా వెంట ఉండాలి: ఇంత రాస్తే ఒక్కో మనిషికి నాలుగు వరుసలు చాలు. ప్రతి పేరుకు ఎదురుగా మోసే నలుగురి పేర్లు ఉండాలి, మార్కు సువార్తలో ఉన్నట్లే. ఆ నలుగురూ తుఫాను రోజున వెతికితే దొరకరు. ఎవరి ఇల్లు వారు చూసుకుంటూ ఉంటారు. ఎండాకాలంలోనే నిర్ణయించి, ఒకసారి మోసి చూసుకోవాలి. మన విచారణలలోని యువజన సంఘాలకు ఇంతకంటె మంచి పని నాకు తోచడం లేదు.

చట్టం ఎవరికి పని అప్పగించింది?

చాలామంది పంచాయతీ అంటే వీధి దీపాలు, మురుగు కాలువలు, పన్నులు అనుకుంటారు. రాజ్యాంగ 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చింది. ఆర్థికాభివృద్ధికి, సామాజిక న్యాయానికి ప్రణాళికలు తయారుచేసే పనిని పంచాయతీలకు అప్పగించవచ్చునని 243-జి అధికరణం చెబుతోంది. పదకొండవ షెడ్యూలులో 29 అంశాలున్నాయి. అందులో 26వది వికలాంగుల, బుద్ధిమాంద్యం గలవారి సంక్షేమంతో కూడిన సాంఘిక సంక్షేమం. తాగునీరు, రోడ్లు ఏ వరుసలో ఉన్నాయో ఇదీ ఆ వరుసలోనే ఉంది. సర్పంచిగారిని మనం దీన్ని గూర్చి అడిగితే కొత్త భారం మోపినట్లు కాదు.

1995లో మొదటి వికలాంగుల చట్టం వచ్చింది. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన ఒడంబడికను మన దేశం 2007 అక్టోబరు 1న ధ్రువీకరించింది. దానికి అనుగుణంగా వచ్చిన 2016 చట్టం 2017 ఏప్రిల్ 19 నుండి అమలులో ఉంది. చాలా సెక్షన్లున్నాయి, అన్నీ మనకు అక్కరలేదు. మన పనికి ముఖ్యమైనది 45వ సెక్షన్. ప్రజలు వాడే పాత భవనాలన్నీ, నియమాలు ప్రకటించిన నాటి నుండి అయిదేళ్ళలోగా, వికలాంగులు వాడుకోగలిగేలా మార్చాలని అందులో ఉంది. నియమాలు 2017 జూన్ 15న వచ్చాయి. అంటే గడువు 2022లోనే దాటిపోయింది. అదే సెక్షన్ రెండవ భాగంలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, ఆసుపత్రులు, బడులు, రైల్వే స్టేషన్లు, బస్సు స్టాపుల వంటి ముఖ్యమైన చోట్లకు ఏది ముందు, ఏది వెనుక అని నిర్ణయించి ఒక కార్యాచరణ ప్రణాళిక తయారు చేసి ప్రకటించాలని ప్రభుత్వాలకే కాదు, స్థానిక సంస్థలకు కూడా ఆదేశం ఉంది. ఈ ఒక్క వాక్యం సంగతి తెలిసినవారు ప్రతి ఊళ్ళో ఇద్దరున్నా చాలు. కొత్త భవనాలకైతే 44వ సెక్షన్ ఉంది. ప్రమాణాల ప్రకారం లేని ప్లానుకు అనుమతి ఇవ్వకూడదు.

మరి ఎందుకు జరగడం లేదు? ఒక కారణం సుప్రీంకోర్టులోనే బయటపడింది. రాజీవ్ రతూరి అనే చూపులేని వ్యక్తి 2005లో వేసిన వ్యాజ్యంలో 2017 డిసెంబరులో తీర్పు వచ్చింది. అమలు సరిగా లేకపోవడంతో కోర్టు పరిశీలన బాధ్యతను హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వికలాంగుల అధ్యయన కేంద్రానికి అప్పగించింది. వారి నివేదికను చూసిన తరువాత 2024 నవంబరు 8న కోర్టు మరొక తీర్పు ఇచ్చింది. ప్రభుత్వం చేసిన 15వ నియమం ప్రమాణాలను సలహాల వలె మాత్రమే చెబుతోందని, చట్టం మాత్రం వాటిని తప్పనిసరి చేసిందని, అందువల్ల ఆ నియమం చట్టానికి విరుద్ధమని చెప్పి, మూడు నెలలలో తప్పనిసరి నియమాలు చేయమని ఆదేశించింది. ఇష్టమైతే చేయి అన్న మాటకూ, చేయి అన్న మాటకూ ఎంత తేడా ఉందో ఇంటి పెద్దలకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడ శ్రీసభ బోధన ఒకటి గుర్తు చేసుకుందాం. పదకొండవ పయస్ పోపుగారు 1931 నాటి విశ్వలేఖలో చెప్పిన సూత్రం ప్రకారం చిన్న సమాజం చేసుకోగల పనిని పెద్ద సమాజం లాక్కోకూడదు. ఈ సూత్రానికి రెండవ వైపు కూడా ఉంది. చిన్న సమాజం తన పనిని ఢిల్లీ మీదికో అమరావతి మీదికో నెట్టివేసి కూర్చోకూడదు. పంచాయతీ కార్యాలయం ముందు వాలుబాట వేయడానికి ఢిల్లీ నుండి ఎవరూ రానక్కరలేదు.

ఒకటికి పన్నెండు

ర్యాంపు అని మనం పిలిచే వాలుబాటను గూర్చి కొంచెం వివరంగా చెప్పుకుందాం. తెలియక వేసిన ర్యాంపులు ఎక్కువగా కనబడుతున్నాయి. కొన్ని చోట్ల అవి మోటారు సైకిలు ఎక్కించడానికి తప్ప మరెందుకూ పనికిరావు. ప్రమాణం సులభమైనదే: ఎత్తు ఒకటైతే పొడవు పన్నెండు. అరుగు ఎత్తు అడుగున్నర అయితే వాలుబాట పద్ధెనిమిది అడుగులు ఉండాలి. ఉప్పెన భయంతో మన తీరంలో అరుగులు ఎత్తుగా కడతారు. మూడడుగుల అరుగుకు ముప్పయి ఆరు అడుగులు కావాలి, మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవడానికి చదునైన చోటు కావాలి. స్థలం తక్కువైతే మలుపు తిప్పవచ్చు. వెడల్పు నాలుగడుగులకు తగ్గకూడదు. రెండు పక్కలా పట్టుకునే కమ్మీలు ఉండాలి. పైకి చేరాక తలుపు మూడడుగుల వెడల్పు లేకపోతే ఇంత శ్రమా వృథా. రక్షిత కేంద్రం పై అంతస్తు పదడుగుల ఎత్తున ఉంటే నూట ఇరవై అడుగుల వాలు కావాలి. తరువాత చేర్చుదాంలే అంటే కుదరదని ఇందువల్లనే అంటారు. నక్షా గీసే రోజునే అది కాగితం మీద ఉండాలి.

వాలుబాట ఒక్కటే సర్వం అనుకోవడం కూడా పొరపాటే. కొత్తపట్నం వంటి ఊరిలో మొదటి అడ్డంకి చాలాచోట్ల మెట్టు కాదు, ఇసుక. మూడు చక్రాల బండి ఇసుకలో దిగబడితే లోపల కూర్చున్నవారు దిగి నెట్టలేరు. ఇంటి నుండి రోడ్డు వరకు నలభై గజాల సిమెంటు బాట వేస్తే ఒక మనిషికి ఊరంతా తెరుచుకుంటుంది. మురుగు కాలువ మీద పలక లేకపోతే చూపులేని మనిషి బయటికి రావడమే మానేస్తాడు. మరుగుదొడ్డి తలుపు బయటికి తెరుచుకోవాలి, లోపల ఒక కమ్మీ ఉండాలి. కుళాయి అందే ఎత్తులో ఉండాలి. ఏది ముందు కావాలో ఇంజనీరుగారికి కాదు, ఆ మనిషికి తెలుసు. అందుచేత ముందు అడగాలి. వికలాంగుల కోసం చేసిన పనులు కొన్ని వ్యర్థం కావడానికి వారిని అడగకపోవడమే కారణం.

డబ్బు మాట వస్తుంది. 2015 నుండి గ్రామ పంచాయతీలు ప్రతి ఏటా అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం మొదలైంది. 15వ ఆర్థిక సంఘం 2021 నుండి 2026 వరకు పంచాయతీలకు సిఫారసు చేసిన నిధులలో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికి, 40 శాతం స్థానిక అవసరాలకు కేటాయించింది. వికలాంగులు వాడగల మరుగుదొడ్డి పారిశుధ్యమే. అందే ఎత్తులో కుళాయి తాగునీరే. వేరే పద్దు కోసం ఎదురు చూడకుండా, జరగబోయే పనినే అందరికీ పనికివచ్చేలా చేయడం ఉత్తమం. పేదరిక నిర్మూలన పథకాలలోను, ఇళ్ళ స్థలాల కేటాయింపులోను 5 శాతం వికలాంగులకు ఉండాలని 37వ సెక్షన్ చెబుతోంది. స్త్రీలకు ప్రాధాన్యం ఉంది. ఊళ్ళో స్థలాల జాబితా చదివినప్పుడు ఈ అయిదు శాతం ఎక్కడ అని అడగడం తప్పు కాదు.

ప్రణాళికకు మూలం గ్రామసభ. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీలలో ఒకే రోజున ఉపాధి పనులపై గ్రామసభలు జరిగాయి. అటువంటి రోజున మన వీధిలోని వికలాంగులు ఎంతమంది అక్కడ ఉన్నారో గుర్తు చేసుకోండి. సభ మేడ మీద పెడితే రాలేరు. మైకులో చదివి ముగిస్తే చెవిటివారికి అర్థం కాదు. గోడమీద కాగితం అంటించి ఊరుకుంటే చూపులేనివారికి తెలియదు. కొత్తపట్నం వారికి రాజకీయ పాఠం కొత్త కాదు. 1937లో ఇక్కడ ఏర్పాటైన రాజకీయ వేసవి పాఠశాలను ఆనాటి ప్రభుత్వం నిషేధించింది. ఇప్పుడు గ్రామసభను ఎవరూ నిషేధించరు. మనమే పోవడం లేదు.

పొరుగువారిని చూస్తే

కేరళలో స్థానిక సంస్థలు తమ ప్రణాళికా నిధులలో 5 శాతం పిల్లలకు, వృద్ధులకు, వికలాంగులకు కేటాయించాలనే నియమం పెట్టుకున్నారు. బుద్ధిమాంద్యం గల పిల్లలకు పంచాయతీల ఆధ్వర్యంలో బడ్స్ అనే బడులు నడుస్తున్నాయి. మొదటిది 2004లో తిరువనంతపురం జిల్లా వెంగానూరు పంచాయతీలో తెరిచారు. తమిళనాడు ఇంకొక అడుగు వేసింది. స్థానిక సంస్థలలో వికలాంగులను సభ్యులుగా నామినేట్ చేయడానికి 2025 ఏప్రిల్‌లో శాసనసభ బిల్లులు ఆమోదించింది. అడుగుతూ బయట నిలబడే మనిషి లోపల కుర్చీలో కూర్చుంటాడన్నమాట. ఇది మన రాష్ట్రంలోనూ రావాలని నా అభిప్రాయం.

మన దగ్గరా పునాది లేకపోలేదు. వెలుగు పథకం రోజుల నుండి గ్రామాలలో వికలాంగుల సంఘాలు, మండల సమాఖ్యలు ఏర్పడ్డాయి. మండలాలలో ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు భవిత కేంద్రాలున్నాయి. ఆరు నుండి పద్ధెనిమిదేళ్ళ వరకు వికలాంగ బాలబాలికలకు ఉచిత విద్య 31వ సెక్షన్ ఇచ్చిన హక్కు. 2019 నవంబరు 14న ఒంగోలులోనే ప్రారంభించిన నాడు-నేడు కార్యక్రమంలో బడి పనులను తల్లిదండ్రుల కమిటీల ద్వారా చేయించారు. తల్లిదండ్రులు కొలత పట్టుకొని నిలబడితే పని తీరు మారుతుందనడానికి అదొక అనుభవం.

మన గుడి మెట్లు

పంచాయతీని అడగడానికి ముందు మన గుడిని చూసుకోవాలి. చట్టం 2వ సెక్షన్‌లో ప్రజా భవనం అంటే ఏమిటో చెబుతూ మతపరమైన కార్యాలకు వాడే భవనాలను కూడా చేర్చింది. ప్రైవేటు భవనమైనా సరే. అంటే మన దేవాలయం, మన బడి, కన్యస్త్రీలు నడిపే ఆసుపత్రి అన్నీ 45వ సెక్షన్ కిందికి వస్తాయి. ఎత్తయిన మెట్లు గుడికి అందమని పాత రోజులలో అనుకున్నారు. ఆ మెట్ల కింద చక్రాల కుర్చీలో ఉండి దివ్యసత్ప్రసాదం కోసం గురువు కిందికి దిగి వచ్చేదాకా ఎదురుచూసేవారు ప్రతి విచారణలో ఉన్నారు. గురువు దిగి రావడం ప్రేమే. వారు మనతోపాటు వరుసలో వెళ్ళగలగడం న్యాయం.

మహాజూబిలీ సంవత్సరంలో, 2000 డిసెంబరు 3న, రెండవ జాన్ పాల్ పోపుగారు వికలాంగుల జూబిలీ జరిపారు. అంతకు ముందే, 1981లో శ్రమను గూర్చి వెలువరించిన విశ్వలేఖలో, పూర్తి సామర్థ్యం గలవారికి మాత్రమే పనిలోను, సమాజ జీవితంలోను చోటు ఇవ్వడం మానవత్వానికి తగదని ఆయన బోధించారు. మన విచారణలలో ఆ బోధన ఎంతవరకు దిగింది? వికలాంగుడు స్వస్థత ప్రార్థనకు ముందు వరుసలో కూర్చోవడం చూశాము. విచారణ సలహా సంఘంలో కూర్చోవడం ఎక్కడ చూశాము? పఠనం చదవడానికి చూపు తక్కువైన అమ్మాయిని, పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చి, నిలబెట్టిన విచారణలు ఎన్ని?

కుటుంబాలకు ఒక మాట. పెళ్ళి సంబంధాలు చెడిపోతాయని, నలుగురు నవ్వుతారని బిడ్డను లోపలి గదిలో ఉంచే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఏదో పాపఫలమని గొణిగే బంధువులూ ఉన్నారు. యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయంలో పుట్టుగుడ్డిని చూసి శిష్యులు అదే ప్రశ్న వేశారు. వీనిదీ కాదు, తల్లిదండ్రులదీ కాదు ఆ పాపం అని ప్రభువు స్పష్టం చేశారు. దాచిన బిడ్డ పేరు ఏ జాబితాలోనూ ఉండదు. సదరం సర్టిఫికెట్ ఉండదు, బడి ఉండదు, తుఫాను రాత్రి ట్రాక్టరూ రాదు. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్లు ధ్రువపత్రం ఉంటేనే చాలా హక్కులు వర్తిస్తాయి. ముందు ఆ పత్రం తీసుకోండి. గ్రామ సచివాలయంలో అడిగితే సదరం స్లాటు ఎలా తీసుకోవాలో చెబుతారు.

అర్జీ రాసే విధం

మాటతో అడిగిన పని మాటతోనే పోతుంది. కాగితం రాయాలి. పొడుగు ఉపన్యాసం వద్దు, ఒక పేజీ చాలు. పైన పంచాయతీ కార్యదర్శిగారికి, సర్పంచిగారికి అని రాయండి. మొదటి పేరాలో మీ వీధిలో ఎంతమంది వికలాంగులున్నారో, వారిలో ఎంతమంది నడవలేనివారో, చూపు లేనివారో, వినబడనివారో రాయండి. వారి అనుమతి లేకుండా పేర్లు రాయవద్దు. రెండవ పేరాలో అడ్డంకిని కొలతలతో రాయండి: ఆరోగ్య కేంద్రం అరుగు ఎత్తు ఇన్ని అంగుళాలు, ఫలానా ఇంటి నుండి రోడ్డుకు ఇన్ని గజాల ఇసుక. కార్యాలయాలలో కొలతకున్న బలం కన్నీటికి ఉండదు. మూడవ పేరాలో 2016 వికలాంగుల హక్కుల చట్టం 45వ సెక్షన్ రెండవ ఉపభాగం ప్రకారం పంచాయతీ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించాలని, ఈ పనులను వచ్చే గ్రామాభివృద్ధి ప్రణాళికలో చేర్చాలని, 8వ సెక్షన్ ప్రకారం జాబితాను జిల్లాకు పంపాలని కోరండి. మొదటి సంతకం గాని వేలిముద్ర గాని వికలాంగులదే కావాలి, తరువాత మనవి. విచారణ గురువులు, ఉపదేశిగారు చివరన సంతకం చేస్తే చాలు. మన పక్క ఇంటి హిందువులు, ముస్లిములు, ఇతర సంఘాల క్రైస్తవులు కూడా సంతకం చేయాలి. ఇది మన గుడి అర్జీ కాదు, ఊరి అర్జీ.

గ్రామసభలో దాన్ని చదివించి తీర్మానాల పుస్తకంలో రాయించండి. ఏమీ కదలకపోతే సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకునే చోట ఇవ్వవచ్చు. 2005 సమాచార హక్కు చట్టం కింద, మా అర్జీ మీద ఏమి చర్య తీసుకున్నారని అడిగితే ముప్పయి రోజులలో జవాబు ఇవ్వాలి. రాష్ట్ర వికలాంగుల కమిషనరుకు కూడా ఫిర్యాదు చేసుకోవచ్చు. అర్జీ ఇచ్చేటప్పుడు రెండు ప్రతులు తీసుకువెళ్ళండి. ఒకటి వారికిచ్చి, రెండవదాని మీద తేదీ, సంతకం, ముద్ర వేయించుకొని ఇంటికి తెచ్చి, సదరం సర్టిఫికెట్ దాచిన కవరులోనే దాచండి.